క్లే బార్ కొనాలా, ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవచ్చా?

అందరికీ నమస్కారం అండి. మీ కారు శుభ్రంగా కడిగి, తడి ఆరాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద వేళ్లతో మెల్లగా నిమరండి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే ఇప్పుడు గరగరలాడుతుంది. అది దుమ్ము కాదు. పెయింట్‌ని కరుచుకుని ఉండిపోయిన చెత్త. షాంపూ ఎంత పోసినా రాదు. దాన్ని తీసేదే క్లే బార్. ఈ వీడియోలో దాని పనితనంతో పాటు, చాలామంది అడిగే చపాతీ పిండి, టూత్‌పేస్ట్, వినాయకుడి మట్టి సంగతి కూడా తేల్చేద్దాం.

ముందు మన ఊళ్ల గురించి చెప్పాలి. ఒంగోలు, నెల్లూరు రెండూ విజయవాడ–చెన్నై రైలు మార్గంలో ఉన్నాయి. చక్రాలు, పట్టాలు, బ్రేకులు ఒరుసుకుని లేచే ఇనుప రజను స్టేషన్ చుట్టుపక్కల పార్క్ చేసిన కార్ల మీద పడుతుంది. మన సొంత బ్రేకుల నుంచి వచ్చేది సరేసరి. తెల్ల కారైతే నారింజ రంగులో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. బాడీ తుప్పు పట్టిందని టెన్షన్ పడకండి, చాలాసార్లు అది పైన పడిన రజనుకి పట్టిన తుప్పే. ఇక హైవే మీద తారు చుక్కలు, కృష్ణపట్నం రోడ్డులో బొగ్గు పొడి, చీమకుర్తి దారిలో గ్రానైట్ పొడి. ఈ గ్రానైట్ పొడిని మాత్రం దయచేసి పొడి గుడ్డతో తుడవకండి. అది రాయి. గుడ్డ కింద పడిందంటే గీతలే. ముందు నీళ్లు జోరుగా కొట్టి వదిలించాకే చెయ్యి వేయండి.

క్లే అంటే మనం అనుకునే మట్టి కాదు. సాగే పాలిమర్ ముద్దలో చాలా సన్నని రాపిడి పొడి కలిపి చేస్తారు. జపాన్‌కి చెందిన తడావో కొదాతే దీని మీద 1995లో అమెరికా పేటెంట్ తీసుకున్నారు. ఆ రాపిడి పొడి అంత సన్నగా, ఒకే తీరుగా ఉండటంలోనే దీని విలువంతా ఉంది. ఎందుకంటే రంగు మీద ఉండే క్లియర్ కోట్, అంటే పారదర్శకమైన పై పూత మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే. మన తల వెంట్రుక అంతకంటే మందంగా ఉంటుంది.

ఇప్పుడు ఇంటి సరుకుల దగ్గరికి వద్దాం. వినాయక చవితి మట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి, వద్దే వద్దు. చపాతీ పిండి, పిల్లలు ఆడుకునే పిండి బొమ్మల ముద్ద తడి తగలగానే జిగురైపోయి సందుల్లో ఇరుక్కుంటాయి. పైగా ఆ బొమ్మల ముద్దలో ఉప్పు ఉంటుంది. మన సముద్రం గాలికి తోడు ఇంకా ఉప్పు ఎందుకండీ? టూత్‌పేస్ట్ పళ్ల కోసం చేసిన రాపిడి పొడి. ఒక చోట రుద్దితే అక్కడ మెరుపు మారిపోతుంది. గోడల మీద మరకలు తీసే తెల్ల మ్యాజిక్ స్పాంజి ఇంకా ప్రమాదం. మెత్తగా ఉంటుంది కానీ సన్నని ఉప్పుకాగితంలా గీస్తుంది, పెయింట్ మసకబారుతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచు గురించి చెప్పక్కర్లేదు.

నేను నమ్మేది ఒక్కటే: నానబెట్టే పనికి ఇంట్లోవి వాడొచ్చు, రుద్దే పనికి వద్దు. తారు చుక్క మీద కొబ్బరి నూనె పూసి కాసేపు వదిలి, మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడిస్తే మెత్తబడి వచ్చేస్తుంది. తర్వాత షాంపూతో జిడ్డు కడిగేయాలి. బోరు నీళ్ల తెల్ల మచ్చలు కొత్తవైతే, వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి అద్ది వెంటనే కడిగేయండి. పెయింట్‌ని తినేసిన పాత మచ్చలు దీనికీ పోవు, క్లేకీ పోవు.

ఇనుప రజనుకి మాత్రం ఐరన్ రిమూవర్ కొనండి. స్ప్రే చేయగానే రజను ఉన్నచోట ఊదా రంగులో కారుతుంది. వాసన ఘోరంగా ఉంటుంది, గ్లౌజులు వేసుకోండి, ఆరనివ్వకుండా కడిగేయండి. ఇది ముందే చేస్తే క్లేకి పని తగ్గుతుంది, గీతల భయమూ తగ్గుతుంది.

క్లే ఎప్పుడూ ఫైన్ గ్రేడే తీసుకోండి. విదేశీ వీడియోల్లో దాన్ని గోరువెచ్చని నీళ్లలో వేసి మెత్తబరచమంటారు. మనకి అది అక్కర్లేదు. మన ఎండకి అది మరీ మెత్తబడి పెయింట్‌కి అంటుకోవడమే అసలు సమస్య. అందుకే పొద్దున్నే, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. చిన్న ముక్క తుంచి బిళ్లలా నొక్కి, కారు షాంపూ కలిపిన నీళ్లు ధారాళంగా స్ప్రే చేసి, రెండడుగుల మేర నిలువుగా, అడ్డంగా జరపండి. గుండ్రంగా తిప్పొద్దు, నొక్కొద్దు. మొదట గరగరమని, తర్వాత జారుతూ పోతుంది. జారిందంటే అక్కడ పని అయిపోయినట్టే. ముద్దను మడిచి కొత్త వైపు తీస్తూ ఉండండి. నేల మీద పడిందా, ఆ ముక్క పారేయండి. కడిగినా ఇసుక పోదు. ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దు. అందుకే ముక్కలుగా తుంచమన్నాను.

పెద్ద బండ్లకి క్లే మిట్ అని గ్లౌజులాంటిది దొరుకుతుంది. పని త్వరగా అవుతుంది, కింద పడినా కడుక్కోవచ్చు. నల్ల కారుకి మాత్రం నేను ముద్దనే వాడమంటాను, నల్ల రంగు మీద చిన్న గీత కూడా దాగదు. మ్యాట్ పెయింట్, అంటే మెరుపు లేని పెయింట్ మీద ఏదీ వాడొద్దు. పీపీఎఫ్, అంటే పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్ వేయించి ఉంటే, వేసిన షాపులో అడిగాకే ముట్టుకోండి.

క్లే చేస్తే పాత వ్యాక్స్ కూడా పోతుంది. కాబట్టి ఆఖరున క్యాన్ నీళ్లతో ఒకసారి కడిగి, తుడిచి, ఆ రోజే వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పట్టించండి. ఏడాదికి ఒకసారి చాలు. రైలు పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లకి రెండోసారి అవసరం పడొచ్చు. ఉంటానండి.