వసతి పాఠశాలలో పాట, పెద్దరికం

శ్రోతలందరికీ నమస్కారం. జవహర్ నవోదయ విద్యాలయంలో పన్నెండో తరగతి పూర్తి చేసుకుని ఈ ఏడాదే బయటికి వచ్చాను. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను రెండు బడులతో మొదలైన ఈ వ్యవస్థ ముఖ్యంగా పల్లెటూరి పిల్లల కోసం ఏర్పడింది. ప్రవేశపరీక్ష రాసి ఆరో తరగతిలో చేరినవారు పన్నెండు దాకా అక్కడే ఉండి చదువుకుంటారు.

విద్యార్థులందరూ అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌసులుగా, అంటే జట్లుగా, ఉంటారు. నేను మా హౌసుకు కెప్టెన్‌గా ఉంటూనే, ఉదయం ప్రార్థనలో పాట ఎత్తుకునే బృందంలోనూ ఉండేవాణ్ణి. కెప్టెన్ పని నాకు ఎక్కువగా ఆ ప్రార్థన వరుసలోనే అలవడింది.

పాట ఎత్తుకోవడం చూసేవారికి చిన్న పనిగానే తోస్తుంది. అయితే ఆ వరుసల్లో పదేళ్ల పిల్లల సన్నని గొంతులు, ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల మారుతున్న గొంతులు, ఆడపిల్లల గొంతులు అన్నీ కలిసి ఉంటాయి. కర్ణాటక సంగీతంలో సాధారణంగా మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లోను, అంటే కింది ఆధార స్వరాల్లోను, ఆడవారు అంతకన్నా పైనుండే ఐదు, ఐదున్నర శ్రుతుల్లోను పాడతారు కనుక, ఎత్తుకునేవారు తమకు హాయిగా ఉన్న శ్రుతి పెట్టుకుంటే చరణంలో పైస్థాయికి వెళ్లేసరికి సగంమంది ఆగిపోతారు. అందుకే మా సంగీతం మాస్టారు ముందుగా చరణంలోని అన్నిటికన్నా పై స్వరాన్ని అందరిచేత పాడించి, అది ఎక్కువమందికి అందే మెట్టు హార్మోనియం మీద చూసుకున్న తరువాతనే పల్లవి ఎత్తుకోమనేవారు.

హౌసులో గదుల శుభ్రతకు వంతులు వేసేటప్పుడు, భోజనశాల వరుస నడిపేటప్పుడు నేను అదే పద్ధతి పాటించాను: బలమైనవారి పని తరువాత చూసుకోవచ్చు, ముందు ఆరో తరగతి పిల్లవాడు ఎంత చేయగలడో తెలుసుకోవాలి. ఇంటి మీద బెంగతో ముద్ద దిగని పిల్లలను హౌసుల పాటల పోటీకి బృందంలో చేర్చుకునేవాళ్లం. సాయంత్రం సాధనకు కూర్చునే ఆ కాసేపు వాళ్ల ముఖాలు తేటపడేవి.

నవోదయ పద్ధతిలో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు విద్యాలయానికి పంపుతారు. అలా మా దగ్గరికి వచ్చిన హిందీ పిల్లలు తెలుగు పాటను దేవనాగరి లిపిలో రాసుకుని నేర్చుకునేవారు. వాళ్లను ఒక మూలగా కాక మా పిల్లల మధ్య ఒక్కొక్కరిగా నిలబెట్టేవాణ్ణి. పక్కవారి ఉచ్చారణ చెవిన పడుతూ ఉండడంతో త్వరలోనే కాగితం పక్కన పెట్టేసేవారు. వాళ్ల పాట మేము నేర్చుకున్నప్పుడు మమ్మల్ని దిద్దింది కూడా వాళ్లే.

పరీక్షలు దగ్గరపడితే చాలా వసతి పాఠశాలల్లో సంగీతం పీరియడును గణితానికో విజ్ఞానశాస్త్రానికో ఇచ్చేస్తారు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు ఆ పీరియడు ఎంతో అవసరం కనుక, పన్నెండో తరగతివారికి సైతం దాన్ని అలాగే ఉంచవలసిందిగా ప్రధానోపాధ్యాయులందరినీ మనసారా కోరుతున్నాను. సెలవు.