రోబో సాయంతో మోకీలు మార్పిడి: బల్ల మీద జరిగేది, ఇంటికొచ్చాక జరిగేది

అందరికీ నమస్కారం. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామందికి ఎక్కువసేపు ఒకే చోట కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి. మధ్యలో లేచి నాలుగడుగులు వేసినా నేనేమీ అనుకోను.

మనవైపు ఈ ఆపరేషన్‌ని ‘చిప్పల మార్పిడి’ అంటారు. నిజానికి మార్చేది చిప్పని కాదు. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస గుజ్జు అరిగి గరుకు తేలి ఉంటాయి. వాటిని 8, 9 మిల్లీమీటర్ల మందాన కోసి తీసేసి, పైన కోబాల్ట్-క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం, మధ్యలో పాలిథిలీన్ దిమ్మ పెడతారు. చిప్ప వెనకవైపు కూడా బాగా అరిగితే అక్కడొక ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు, లేకపోతే దాన్ని అలాగే వదిలేస్తారు. రోబో ఉన్నా లేకపోయినా లోపల పెట్టే సామాను ఇదే. ‘రోబో మోకీలు’ అని వేరే సరుకేమీ లేదు.

మరి రోబో చేసేదేమిటి? కొలుస్తుంది, కోత గీత దాటకుండా చూస్తుంది. ఈ పని ఒక్కో యంత్రం ఒక్కో రకంగా చేస్తుంది. మాకో అనే యంత్రంలో రంపం దాని చేతికి బిగించి ఉంటుంది, నడిపేది సర్జనే. ముందే గీసుకున్న హద్దు దగ్గర చెయ్యి గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. రోసాలో యంత్రం కోతకి దారి చూపే పట్టీని సరైన చోట పట్టుకుంటే, సర్జన్ మామూలు రంపంతో అందులోంచి కోస్తారు. ‘కోరి’ అనేది చేతిలో పట్టుకుని ఎముకని చెక్కే పరికరం. సర్జన్ పర్యవేక్షిస్తుండగా దానంతటదే ఎముకని చెక్కే క్యూవిస్ లాంటివీ ఉన్నాయి. మీ ఆసుపత్రిలో ఏది ఉందో అడగండి. ఒక్క ‘రోబో’ అనే మాట వల్ల మీకు తెలిసేది తక్కువ.

మాకో లాంటి వాటికి ముందుగా సీటీ స్కాన్ కావాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ తీస్తారు. స్కాన్ జరుగుతుండగా కాలు కాస్త కదిలినా ఆ బొమ్మ పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే. నొప్పి వల్ల కాలు కదలకుండా ఉంచలేకపోతే టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, కట్టు వేసి పట్టి ఉంచుతారు.

ఇక బల్ల మీదికి వద్దాం. సాధారణంగా నడుముకే మత్తు ఇస్తారు. మోకాలు తెరిచాక తొడ ఎముకలో రెండు, కాలి ఎముకలో రెండు సన్నటి పిన్నులు దింపి, వాటికి కెమెరా గుర్తుపట్టే గుర్తులు బిగిస్తారు. కట్టు విప్పిన రోజు ‘ఆపరేషన్ మోకాలికైతే, జానెడు కింద ఈ చిన్న గాట్లేమిటి?’ అని చాలామంది కంగారు పడతారు. అవి ఈ పిన్నుల గాట్లే.

తర్వాత కాలిని గుండ్రంగా తిప్పి తుంటి కీలు కేంద్రాన్ని, చీలమండ రెండు బొడిపెల్ని తాకి దాని కేంద్రాన్ని యంత్రానికి చూపిస్తారు. మొనదేలిన కడ్డీతో ఒక్కో ఎముక మీద పదుల కొద్దీ చోట్ల తాకుతూ పోతే, కంప్యూటర్ ఆ చుక్కల్ని సీటీ బొమ్మతో సరిపోలుస్తుంది. తేడా అర మిల్లీమీటరు దాటితే మళ్లీ మొదటి నుంచీ తాకాలి.

అసలు లాభం ఈ తర్వాతి ఐదు నిమిషాల్లో ఉంది. అంచుల్లో పెరిగిన ఎముక మొలకల్ని ముందు తీసేస్తారు. అవి ఉండగా కొలిస్తే లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే నారలు, నిజంగా లేని బిగుతుని చూపిస్తాయి. అప్పుడు కాలు చాపి ఒకసారి, తొంభై డిగ్రీలు వంచి ఒకసారి, మోకాలిని అటూ ఇటూ లాగి చూస్తారు. కోశాక రెండు ఎముకల మధ్య మిగిలే సందు లోపలివైపు 17, బయటివైపు 19 మిల్లీమీటర్లు అని తెర మీద వచ్చిందనుకోండి. దొడ్డికాళ్లవాళ్లలో లోపలివైపు ఇలాగే బిగుసుకుని ఉంటుంది. పాత పద్ధతిలో ఎముక కోసేశాక, లోపలి కండని, లిగమెంటుని కొంచెం కొంచెంగా వదులు చేసి సమం చేసేవాళ్లు. ఇక్కడ ఎముకకి రంపం తగలకముందే కోత కోణాన్ని ఒకటి రెండు డిగ్రీలు మార్చి, రెండువైపులా సందు ఒకటయ్యేదాకా తెర మీదే సరిచూసుకోవచ్చు. ఎంత కోణం మార్చాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం సర్జన్ చెప్పాల్సిందే. యంత్రానికి తెలిసింది అంకెలే.

ఇందులో తప్పు జరిగే చోట్లూ ఉన్నాయి. ఎముక గుల్లబారినవాళ్లలో పిన్ను వదులైతే గుర్తు కదులుతుంది, దాంతో కొలతలన్నీ తప్పుతాయి. యంత్రం మాత్రం అవే నిజమనుకుని కోతకి సిద్ధంగా ఉంటుంది. అందుకే ఎముకలోనే ఒక చిన్న తనిఖీ గుర్తు పెట్టి, ప్రతి కోతకీ ముందు దాన్ని తాకి చూస్తారు. నమ్మకం కుదరకపోతే యంత్రాన్ని పక్కకి నెట్టి, మామూలు పద్ధతిలో పూర్తి చేస్తారు. అందుకని పాత పద్ధతిలో చెయ్యి తిరిగిన సర్జన్నే ఎంచుకోండి. అరుదుగా, కొన్ని వారాల తర్వాత పిన్ను దిగిన రంధ్రం దగ్గర ఎముక విరగొచ్చు. మోకాలు బాగుండి, తొడలోనో కాలి ఎముకలోనో కొత్తగా నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించాలి. ఇక యంత్రం వల్ల ఆపరేషన్‌కి పావుగంటో అరగంటో అదనంగా పడుతుంది.

‘నొప్పి ఉండదు, జీవితాంతం గ్యారంటీ’ అనే హోర్డింగుల్ని పట్టించుకోకండి. మొదటి వారాల్లో నొప్పి కాస్త తక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది. ఏడాది తిరిగేసరికి రెండు పద్ధతులకీ పెద్ద తేడా కనిపించడం లేదు. మామూలు పద్ధతిలో మార్చిన మోకీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ అంచనా వేసింది. రోబోతో చేసిన పూర్తి మోకీలు మార్పిడికి అన్నేళ్ల లెక్క ఇంకా లేదు.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో మందుల ధరల్ని నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ, మోకీలు ఇంప్లాంట్ల (లోపల పెట్టే సామాను) ధరకి పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్-క్రోమియం సెట్‌కి అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. ఆ పరిమితి ఇంప్లాంటుకే, రోబో చార్జీకి కాదు. చాలా బీమా పాలసీల్లో రోబో సర్జరీకి విడిగా ఉప పరిమితి ఉంటుంది. అడ్మిట్ అయ్యే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్‌కి ముందు మీరు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడు నెలల చక్కెర సగటు చూపించే హెచ్‌బీఏ1సీ ఏడున్నర, ఎనిమిది దాటి ఉంటే ముందు దాన్ని దించాలి. పుచ్చిపళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలివేళ్ల సందుల్లో ఒరుపులు, పగిలిన మడమలు, ఇవన్నీ క్రిములకి దారులే. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఊళ్లో మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే దాచకండి, అది వేసి మూడు నెలలైనా గడవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు చెబుతారు.

అదే రోజు సాయంత్రమో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు. నొప్పి తెలియకుండా కాలి నరానికి విడిగా ఇచ్చిన మత్తు దిగాక, రెండోరోజు నొప్పి పెరుగుతుంది. ఆపరేషన్ పాడైందని కాదు. మాత్ర నొప్పి ముదిరాక కాదు, వేళకి వేసుకోవాలి. కుట్లు 12 నుంచి 14 రోజులకి తీస్తారు. రెండు వారాలకి తొంభై డిగ్రీలు వంగాలి, ఆరు వారాలకి 110 దరిదాపుకి రావాలి. దానికన్నా ముఖ్యం కాలు పూర్తిగా చాచగలగడం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి.

మోకాలు కొన్ని నెలలు వెచ్చగా ఉంటుంది. గాయం గీత బయటివైపు చర్మం మొద్దుబారుతుంది, నడుస్తుంటే టక్కుమని చప్పుడు వస్తుంది. వీటికి భయపడక్కర్లేదు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం మాత్రం మానుకోవాలి. ఇంట్లో కమోడ్ లేకపోతే ఆపరేషన్‌కి ముందే ఏర్పాటు చేసుకోండి.

పిక్క వాచి గట్టిపడినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి. గాయం వారం తర్వాత కూడా తడుస్తున్నా, తగ్గిన వాపు జ్వరంతో తిరిగొచ్చినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఈలోగా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగకండి. నాలుగు మాత్రలు పడ్డాక మోకాలిలోంచి తీసిన నీటిలో క్రిమి, దాన్ని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకి దొరక్కపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందు ఇవ్వాలో తెలియదు.