తెయుసయౌరె ఒడ్డున మూడు పడవలు

శ్రోతలకు నమస్కారం.

స్వీడన్ దేశపు ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి పైన, తెయుసయౌరె అని ఒక సరస్సు ఉంది. అక్కడి మూలవాసులైన సామీ ప్రజల మాటలో యౌరె అంటే సరస్సే. కాలిబాట దాని ఉత్తరపు ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది. కిలోమీటరు అవతల, దక్షిణపు ఒడ్డున మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో వంతెన లేదు. బాటసారుల కోసం మూడు తెడ్ల పడవలు ఉంచారు. వాటికి ఉన్న నియమం ఒక్కటే: ఏ ఒడ్డునా పడవ లేకుండా పోకూడదు. ఆ సరస్సును నేను ఒంటరిగా దాటిన ఒక ఆగస్టు రోజు గురించి ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఆ బాట పేరు కుంగ్స్‌లేదెన్, అంటే రాజమార్గం. ఆబిస్కో నుంచి హేమావన్ వరకు దాదాపు 440 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. 1885లో ఏర్పడిన స్వీడిష్ పర్యాటక సంఘం దీని ఉత్తర భాగంలో ఒక రోజు నడకకు ఒకటి చొప్పున బసలు కట్టించింది. వాటిలో కరెంటు ఉండదు; నీళ్ళు వాగు నుంచి మనమే మోసుకురావాలి, కట్టెలు మనమే కొట్టుకోవాలి, వెళ్ళేటప్పుడు తరువాత వచ్చేవారి కోసం ఆ రెండూ నింపి పోవాలి. ప్రయాణానికి ముందు మా అమ్మ ఫోనులో అడిగిన మొదటి మాట, "తోడు ఎవరమ్మా?" అని. ఎవరూ లేరని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

ఆబిస్కోలో బయలుదేరిన ఆరో రోజు, ఉదయం ఆరింటికి, కైతుమ్‌యౌరె బస నుంచి వీపున పద్నాలుగు కిలోల సంచితో నడక మొదలుపెట్టాను. ఆనాటి దారి మొత్తం ఇరవై అయిదు కిలోమీటర్లు. కైతుమ్ నది మీది వంతెన దాటగానే బాట చెట్లు లేని మెట్టకు ఎక్కుతుంది. అక్కడ నేల చాలాచోట్ల పైకి గట్టిగా కనిపించినా అడుగు వేస్తే మడమ దాకా దిగబడే చిత్తడి. అలాంటి చోట్ల రెండేసి పలకలు పక్కపక్కన పరిచి ఉంచారు. తడిసిన పలక మీద బూటు జారుతుంది కనుక చూపు కాళ్ళ మీదే ఉండాలి. అందువల్లే కావచ్చు, పలకల పక్కన నాచులో పండిన మబ్బుపళ్ళు, అంటే క్లౌడ్‌బెర్రీలు, నా కంటబడ్డాయి. కాడకు ఒక్కటే పండు, పనసతొన రంగు, నోట్లో వేసుకుంటే ముందు పులుపు, ఆ తరువాత తేనె లాంటి వాసన. వాటిని ఎవరైనా కోసుకోవచ్చు. పొలాన్నీ, ఇంటి ఆవరణనూ తప్పించి, ఎవరి భూమిలోనైనా హాని చేయకుండా నడిచే హక్కు అక్కడ అందరికీ ఉంది. 1994లో ఆ హక్కును రాజ్యాంగంలో కూడా చేర్చారు.

మెట్ట దిగితే అడవి. అవి భూర్జ వృక్షాలు, కానీ మనం ఊహించుకునే పొడవాటి చెట్లు కావు. ఏటా మంచు బరువు మోసి మోసి మొదళ్ళు వంకరలు తిరిగి, మనిషికి రెండింతల ఎత్తుకు మించకుండా, తెల్లటి బెరడుతో గుంపులుగా నిలబడి ఉంటాయి. దోమలు విపరీతం. ఆకుల మధ్య నుంచి నీళ్ళు మెరిసేసరికి పదిన్నర అయింది.

ఒడ్డున ఒకే ఒక్క పడవ ఉంది. అంటే ఏమిటో శ్రోతలు ఒక్క క్షణం ఆలోచించండి. దాన్ని నేను తీసుకుపోతే ఉత్తరపు ఒడ్డు ఖాళీ అవుతుంది. కనుక అవతలికి వెళ్ళి, అక్కడున్న రెండింటిలో ఒకదాన్ని నా పడవకు కట్టి ఇవతలికి లాక్కొచ్చి, దాన్ని ఇక్కడ వదిలి, మళ్ళీ అవతలికి పోవాలి. ఒక్కసారి దాటవలసిన సరస్సును మూడుసార్లు దాటాలి. నన్ను చూసేవారెవరూ లేరు, నా వెనుక ఎవరైనా వస్తున్నారో లేదో కూడా తెలియదు.

గాలి లేకపోవడం నా అదృష్టం. గాలి లేస్తే ఆ నీటి మీదికి పోకూడదు. తెడ్లు వేసేవారికి గమ్యం వీపు వెనుక ఉంటుంది. అందుకని విడిచి వచ్చిన ఒడ్డున ఒక నల్లని బండను గుర్తు పెట్టుకుని, అది పడవ కొసకు సూటిగా ఉండేలా చూసుకుంటూ లాగాను. తిరిగి వచ్చేటప్పుడు తాడు పొట్టిగా కట్టడం వల్ల నేను తెడ్డు ఆపినప్పుడల్లా వెనుక పడవ వచ్చి నా పడవకు ఢీకొట్టేది. నడుమ ఆగి రెండు బారలు వదిలాక బుద్ధిగా వెంట వచ్చింది. ఉత్తరపు ఒడ్డున ఆ పడవను రాళ్ళ మీదికి పూర్తిగా లాగి, అల అందని చోట ముడివేసి, ముడిని రెండుసార్లు గుంజి చూశాను. మూడోసారి దక్షిణపు ఒడ్డు చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆరు రోజుల్లో అంత మనుషుల మధ్య ఉన్నట్టు నాకు మరెప్పుడూ అనిపించలేదు.

అక్కడి నుంచి మళ్ళీ అడవి, మళ్ళీ మెట్ట, పదిహేను కిలోమీటర్లు. సాయంత్రానికి పడమటి వైపు మంచు తలలతో అక్క పర్వతం కనిపించింది. సామీ మాటలో ఆ పేరుకు పెద్దావిడ అని అర్థం. మన చెవికి ఆ పేరు ఎంత దగ్గరగా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. దాని కింద అక్కయౌరె జలాశయం. 1909లో స్వీడన్ ఐరోపాలోనే తొలి జాతీయ ఉద్యానాలను ప్రకటించినప్పుడు ఇక్కడి స్టూరా షోఫాలెట్ జలపాతం ఒక ఉద్యానానికి పేరిచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 1919లో, సువొర్వ ఆనకట్ట కోసం ఆ ఉద్యానం నుంచి సరస్సుల భాగాన్నే వేరుచేశారు. జలపాతం నీరు విద్యుత్తుకు పోయింది. కట్ట ఎత్తు పెంచినప్పుడల్లా ఒడ్డున ఉన్న సామీ కుటుంబాల నివాసాలు, పశువుల మేత నేలలు మునిగాయి. ముంపు అనే మాట తెలిసిన మన ప్రాంతాల శ్రోతలకు ఇంతకన్నా వివరించనవసరం లేదు. నీటిమట్టం ముప్పై మీటర్ల దాకా హెచ్చుతగ్గులవుతుంది. అందుకే ఆ ఒడ్డు పొడవునా గడ్డి మొలవని బూడిదరంగు పట్టీ. పొద్దుటి నుంచి చూసిన సరస్సుల తరువాత ఆ పట్టీ చూడడం కష్టంగా ఉంది.

వక్కొతవారె బసకు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఇంకా వెలుగు ఉంది. పొయ్యి పక్కన ఒక పెద్దాయన మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు, మరునాడు ఉత్తరానికి నడిచేవాడు. నా పేరు గానీ, ఊరు గానీ అడగలేదు. "దక్షిణపు ఒడ్డున పడవలు ఎన్ని ఉన్నాయి?" అన్నాడు.

"రెండు," అన్నాను.

ఆయన తల ఊపి, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి, నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు.