గొడవ తీరిందని పిల్లలకు చెబుతున్నామా?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పెద్దల గొడవల మధ్య పెరుగుతున్న టీనేజీ పిల్లల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మాటల్లో ఆత్మహత్య ప్రస్తావన కూడా వస్తుంది. వింటున్నవారిలో ఎవరికైనా మనసు బాగోకపోతే ముందుగా ఈ నంబరు రాసుకోండి: 14416. ఇది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ. పగలైనా రాత్రయినా చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. కారణాల పట్టికలో మొట్టమొదట ఉన్నవి కుటుంబ సమస్యలు, 31.7 శాతం. పెళ్ళికి సంబంధించిన సమస్యలను ఇందులో కలపలేదు, వాటి లెక్క వేరే ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లల్లోనూ మొదటి స్థానం కుటుంబ సమస్యలదే. పరీక్ష తప్పడం ఆ తర్వాతే వస్తుంది. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున మనమంతా పిల్లల మీద ఒక కన్నేసి ఉంచుతాం. మంచిదే. మిగతా ఏడాదంతా ఆ కన్ను ఎక్కడుంటోందన్నదే నా బాధ.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పోలీసు కాగితంలో కారణం అన్నచోట ఒక్క మాటే రాస్తారు గానీ, నిజంగా ఏ ప్రాణం విషయంలోనూ కారణం ఒక్కటే ఉండదు. డిప్రెషన్ ఉండవచ్చు, కాలేజీలో అవమానం జరిగి ఉండవచ్చు, ప్రేమ వ్యవహారం ఉండవచ్చు. వాటిని తట్టుకోవడానికి ఇల్లే ఆసరా కావాలి. ఇంట్లోనే రోజూ రణరంగమైతే ఆ ఆసరా పోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను తప్పుపట్టడానికి నేనీ మాట అనడం లేదు.

మరి గొడవలే లేని కాపురం ఎక్కడైనా ఉంటుందా? ఉండదు. అమెరికాలో మార్క్ కమింగ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పెద్దల గొడవలు చూసిన పిల్లల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. అందులో తేలింది ఏమిటంటే, గొడవ జరిగి, అది తీరిపోయిందని తెలిసిన పిల్లలు చాలావరకు కుదుటపడ్డారు. రాజీ తలుపు వెనక జరిగినా సరే, ‘మేం సర్దుకున్నాం’ అని తర్వాత చెబితే ఫలితం కనిపించింది. ఎటూ తేలని గొడవ, ఒకరితో ఒకరు మాటలు మానేసిన ఇల్లు, ఇవి పిల్లలను ఎక్కువ కలవరపెట్టాయి.

మన ఇళ్ళు ఒకసారి గుర్తుచేసుకోండి. గొడవ హాల్లో జరుగుతుంది, రాజీ పడగ్గదిలో జరుగుతుంది. పిల్లలు చూసేది మొదటి సగమే. ఇక మాటలు లేని రోజుల్లో అయితే, ‘అన్నం పెట్టానని మీ నాన్నకు చెప్పు’, ‘నాకు ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు’. ముగ్గురూ ఒకే గదిలో ఉంటారు. పదో తరగతి పిల్ల ఆ మాటలు అటూ ఇటూ మోస్తూ, ఏ మాట చెబితే ఎవరికి కోపం వస్తుందో అని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టదు, చదువు మీద మనసు నిలవదు. మార్కులు తగ్గితే అదే ఇంకో గొడవకు కారణమవుతుంది, ఈసారి తన పేరు మీద.

‘నీ మొహం చూసే ఈ కాపురం చేస్తున్నా’ అని ఎంతమంది తల్లులు అంటారో! ఆ తల్లి కష్టం నిజమే. కానీ పిల్లకు వినిపించేది వేరు: నా వల్లే అమ్మ బాధపడుతోంది, నేను లేకపోతే బాగుండేది. తాను ఇంటికి భారమన్న ఈ భావాన్ని నిపుణులు చాలా తీవ్రంగా తీసుకుంటారు. ‘ఎక్కడికైనా పోయి చావు’, ‘నువ్వు పుట్టకపోయినా బాగుండేది’ లాంటి తిట్లు మనకు అలవాటుగా వచ్చేస్తాయి. తిట్టినవారు సాయంత్రానికి మరిచిపోతారు. దయచేసి ఈ తిట్లు ఈ రోజుతో మానేయండి. ఇప్పటికే అని ఉంటే, బిడ్డ దగ్గర కూర్చుని ‘కోపంలో అన్నాను, అది తప్పు’ అని చెప్పండి. గొడవపడిన రాత్రే, ‘మేం మాట్లాడుకున్నాం, ఇందులో నీ తప్పేమీ లేదు’ అని ఇద్దరూ కలిసి చెప్పండి.

ఇంట్లో కొట్టడం ఉంటే సంగతి వేరు. అక్కడ సర్దుకుపొమ్మని నేను చెప్పను. మహిళలకు 181, పిల్లలకు 1098, ప్రాణం మీదకొస్తే 112.

పిల్లల్లో మార్పు వస్తే పట్టించుకోండి. స్నేహితులకు దూరమవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ‘ఇక నాతో మీకు ఇబ్బంది ఉండదులే’ అనడం. అప్పుడు నేరుగా అడగండి: ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అలా పుట్టదు. అవునంటే అరవకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు అందకుండా తాళం వేసి, వెంటనే డాక్టరు సాయం తీసుకోండి. కేసవుతుందని వెనకాడొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకూడదని చెబుతోంది.

ఇది వింటున్న పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నల గొడవ తీర్చే బాధ్యత మీది కాదు, దానికి కారణమూ మీరు కాదు. మీకు నమ్మకమున్న పెద్దవాళ్ళు ఎవరున్నారో చూడండి, మేనత్త కావచ్చు, బాబాయి కావచ్చు, కాలేజీలో మేడం కావచ్చు. ‘నాకు బతకాలనిపించడం లేదు’ అని ఇంతే మాటల్లో చెప్పండి. మొదట విన్నవారు తేలిగ్గా తీసుకుంటే ఆగిపోకండి, వెంటనే ఇంకొకరికి చెప్పండి.