ఇంటికొకటి, మనిషికొకటి

అందరికీ నమస్కారం.

గేమ్ కంపెనీల లాభనష్టాల మాట వస్తే అందరి చూపూ టీవీకి తగిలించే పెద్ద కన్సోల్ మీదే ఉంటుంది. చేతిలో పట్టుకుని ఆడేదాన్ని పిల్లల ఆటవస్తువు కింద కొట్టిపారేస్తారు. అది చాలా అన్యాయం. కష్టకాలంలో జపాన్ గేమ్ కంపెనీ నింటెండోను ఆదుకున్నది ఆ చిన్నదే.

2001లో ఆ కంపెనీ ఇంటికి గేమ్‌క్యూబ్, చేతికి గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెచ్చింది. మొదటిది మొత్తం మీద 2.17 కోట్లు అమ్ముడైతే, రెండోది 8.15 కోట్లు. కంపెనీ ఒకటే, ఏడాదీ ఒకటే, అమ్మకాల్లో తేడా మాత్రం నాలుగింతలకు దగ్గర.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే 1989 నాటి మొదటి గేమ్‌బాయ్‌ని చేతిలోకి తీసుకోవాలి. బూడిదరంగు డబ్బా. పచ్చటి తెర మీద నాలుగే ఛాయలు, రంగుల ఊసే లేదు. వెనక మూత తీస్తే నాలుగు పెన్సిల్ సెల్లులు. పోటీగా వచ్చిన సెగా గేమ్ గేర్‌కు రంగుల తెర ఉంది, కానీ ఆరు సెల్లులు వేసినా కొన్ని గంటల్లోనే అయిపోయేవి. గేమ్‌బాయ్ వెనకున్న గన్‌పే యొకోయి పద్ధతి వేరు: పాతబడి చవకైన విడిభాగాలు తీసుకో, వాటితో కొత్త ఆట పుట్టించు. తయారీ ఖర్చు అక్కడే తగ్గింది.

ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. కన్సోల్ ఇంటికి ఒకటి చాలు. చేతిలోది ఎవరిది వాళ్లకే కావాలి. 1996లో జపాన్‌లో, వింత జీవులను పట్టి పోగేసే పోకెమాన్ ఆట ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా వచ్చింది. కొన్ని జీవులు ఒకదాంట్లోనే దొరుకుతాయి. అన్నీ కావాలంటే రెండు గేమ్‌బాయ్‌లను కేబుల్‌తో కలిపి మార్చుకోవాలి. ఇంట్లో అన్నదమ్ములుంటే రెండు మెషీన్లు, ఆట ఉండే క్యాట్రిడ్జ్‌లు రెండు! అప్పటికి ఏడేళ్ల పాతదైన మెషీన్ మళ్లీ ఊపందుకుంది.

ఇక పెద్ద కన్సోల్ సంగతి. 2006లో సోనీ ప్లేస్టేషన్ 3ని అమెరికాలో 499, 599 డాలర్లకు పెట్టింది. అంత ధరకూ తయారీ ఖర్చు రాలేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో గేమ్ విభాగం నష్టం 23,000 కోట్ల యెన్లు దాటింది.

చేతిలోదైతే చాలు, లాభమే అనుకోకండి. 2011లో నింటెండో 3డీఎస్‌ను 25,000 యెన్లకు తెచ్చి, ఆరు నెలలు తిరక్కుండానే 15,000కు దించింది. అధ్యక్షుడు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నారు. యెన్ బలపడటమూ తోడై, 2012 మార్చితో ముగిసిన ఏడాదికి 4,300 కోట్ల యెన్ల పైచిలుకు నష్టం వచ్చింది. చవకగా చేసి సరైన ధర పెట్టడమన్న పాత సూత్రం తప్పితే ఏ మెషీనైనా ఒకటే.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ మెషీన్ టీవీకీ పనికొస్తుంది, చేతిలోనూ ఒదుగుతుంది. దాంతో రెండు పద్దులూ కలిసిపోయాయి. అయినా రెండేళ్లకే, 2019లో, నింటెండో స్విచ్ లైట్ తెచ్చింది. దాన్ని టీవీకి తగిలించే వీలే లేదు. అప్పట్లో జపాన్‌లో పన్ను కాక స్విచ్ ధర 29,980 యెన్లు, లైట్ 19,980. పెద్దది ఇంట్లో ఉన్నా తమ్ముడికి విడిగా ఒకటి కొనిపెట్టగల ధర అది.