బెదిరించేవాడి పెట్టుబడి మన సిగ్గే
(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

ఫోన్లో అశ్లీలం, నగ్న ఫొటోలు, వీడియోలతో బెదిరింపులు: తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్న సభలో ఈ విషయం ఎందుకని నిర్వాహకుల్లో ఒకరిద్దరు సందేహించారట. నేను కోర్టులో ప్రాక్టీసు చేసేదాన్ని. ఇంట్లో ఎన్నడూ ఈ ఊసు ఎత్తని కుటుంబాలే అంతా ముదిరిపోయాక నా దగ్గరికి వస్తున్నాయి. అందుకే మాట్లాడతాను.

మా తరానికి శరీరం గురించి సందేహం వస్తే వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులు చాటుగా చదువుకోవడమే దిక్కు. చాటుగానే అయినా, జవాబు చెప్పింది డాక్టరు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, మీసాలు రాని పిల్లాడికి ఆ జవాబు అశ్లీల వీడియో చెబుతోంది. అందులో ఆడమనిషి వద్దన్నా ఎవరూ ఆగరు. అదే మగతనమని వాడు నేర్చుకుంటున్నాడు. 2018లో కేంద్రం 827 సైట్లు మూయించమంటే అవి వేరే పేర్లతో మళ్లీ పుట్టుకొచ్చాయి. ఇంట్లోనో బడిలోనో ఎవరో ఒకరు నోరు విప్పి ఆ పిల్లాడికి చెప్పక తప్పదు.

అలాగని ఫోన్లో జరిగేదంతా పాపమని నేను అనను. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు, మన వైపు నుంచి చెన్నైకి, హైదరాబాదుకి పనికి వెళ్లినవాళ్ల కాపురం నెలల తరబడి వీడియో కాల్లోనే సాగుతోంది. ఆ భార్యాభర్తలు ఒకరికొకరు పంపుకున్న ఫొటో వాళ్ల దాంపత్యంలో భాగం. పగిలిన స్క్రీన్ బాగుచేయమని ఫోనిస్తే, అందులోంచి ఎవడో ఆ ఫొటో కాపీ చేసుకున్నాడనుకోండి, తప్పు వాడిది. ఫొటో తీయడానికి ఒప్పుకున్న స్త్రీ దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచినవాడు నేరస్థుడే. ఇప్పటి శిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఈ మాట విడమరిచి చెబుతుంది. "నువ్వే కదే పంపావు" అని కూతుర్ని నిలదీసే ముందు దీన్ని గుర్తు తెచ్చుకోండి.

ఆడపిల్లలకే ఈ బాధ అనుకోకండి. అర్ధరాత్రి తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తుంది. ఎత్తితే బట్టలు విప్పుతున్న అమ్మాయి. చాలాసార్లు అది ముందే తీసిపెట్టిన వీడియో. మన కుర్రాడి ముఖం మాత్రం ఇక్కడ రికార్డవుతూ ఉంటుంది. కాసేపటికి ఆ క్లిప్పు వాట్సాప్‌లో దిగుతుంది, దాని కిందే వాడి ఫేస్‌బుక్ స్నేహితుల పేర్లు: మేనమామ, వదిన, పనిచేసే చోట మేనేజరు. అయిదు వేలు పంపు, లేదంటే వీళ్లందరికీ వెళ్తుంది అంటారు. పంపితే పదిహేను వేలు అడుగుతారు. మర్నాడు ఖాకీ బట్టల డీపీతో ఇంకొకడు, "సైబర్ పోలీసులం, నీ మీద కేసుంది" అంటాడు. భార్య బంగారం కుదువపెట్టి డబ్బు కట్టినాయన నా ఎదుట కూర్చుని, "మేడం, ఇంటిదానికి మటుకు తెలీకూడదు" అన్నాడు. ఆయన్ని అంతగా దోచింది ఆ భయమే. డబ్బు కడితే బెదిరింపు ఆగిపోయిన కేసు నేనింతవరకు చూడలేదు.

మగపిల్లాడు మగపిల్లాడిని ఇష్టపడితే ఇదే భయం రెట్టింపు. డేటింగ్ యాప్‌లో పరిచయమై, గదికి పిలిచి, ఫొటో తీసి డబ్బు గుంజుతారు. ఇష్టపడి కలిసే ఇద్దరు పెద్దవాళ్లది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. కోర్టు వదిలేసినా ఇల్లు వదల్లేదు, అదీ వాళ్ల గోడు.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఇల్లు ఇక్కడ, కాలేజీ ఆంధ్రాలోని పాతపట్నంలో, బెదిరించేవాడు ఏ రాష్ట్రంలోనో. ఒడిశా పోలీసులా, ఆంధ్రా పోలీసులా అని తేల్చుకునేలోపే రోజులు గడిచిపోతాయి. నేరం ఎక్కడ జరిగినా, కేసులు నడపాల్సిన తీరు చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం దగ్గరి స్టేషన్లోనే ఫిర్యాదు తీసుకోవాలి. ఒడియా రాయడం రాక పక్కింటాయన చేత అర్జీ రాయిస్తే వీధంతా తెలుస్తుందని ఒక తల్లి ఆగిపోయింది. నోటితో చెబితే చాలు, పోలీసులే రాసుకుని చదివి వినిపించాలి. ఇలాంటి నేరాల్లో బాధితురాలి మాట మహిళా అధికారే రాసుకోవాలి. స్టేషన్ గడప తొక్కలేకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు జరిగినవి అందులో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పిల్లలకైతే 1098.

ఆ ఫొటో ఇక ఎప్పటికీ పోదు అని ఏడుస్తూ వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఒరిస్సా హైకోర్టు మాట. ఒక యువతి పేరుతో నకిలీ ఖాతా తెరిచి ఆమె వీడియోలు పెట్టిన కేసులో, 2020 నవంబరులో కోర్టు నిందితుడికి బెయిలు నిరాకరించింది. అలాంటివి ఇంటర్నెట్ నుంచి తీసేయించుకునే హక్కు బాధితులకు ఉండాలని గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన ఐటీ నియమాలు ఇలాంటి ఫిర్యాదు అందాక తొలగించడానికి కంపెనీలకు 24 గంటల గడువు పెట్టాయి, 2026లో దాన్ని రెండు గంటలకు కుదించారు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. మీ ఫొటో మీ ఫోన్లోనే ఉంటుంది, దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే అక్కడికి వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోలే ఫొటోను పట్టుకుని ఆపుతాయి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు టేక్ ఇట్ డౌన్ అని ఇలాంటిదే వేరే సైటు ఉంది. భయంతో చాట్ చెరిపేయకండి. నంబరు, లింకు, స్క్రీన్‌షాట్లు అన్నీ దాచండి.

నా కోపమంతా ఒక్క దాని మీదే. అమ్మాయి డీపీని ఎవడో ఏఐ యాప్‌లో పెట్టి నగ్నంగా మార్చాడు. ఇంట్లోవాళ్లు కాలేజీ మాన్పించి పెళ్లి కుదిర్చారు. వాడు మాత్రం రోజూ కాలేజీకి వెళ్తున్నాడు. ఆ పిల్ల ఏ నేరానికి శిక్ష అనుభవిస్తోందో నాకు చెప్పండి. బిడ్డ వణుకుతూ వచ్చి ఫోన్ చూపించినప్పుడు, "నీ తప్పేం లేదమ్మా, నేనున్నా" అనండి. మిగతావన్నీ తర్వాత అడుగుదురు గాని.

ఇప్పుడు చీటీలు పంచుతారు. ప్రశ్నలు తెలుగులో రాసినా ఒడియాలో రాసినా సరే, పేరు రాయకండి. భోజనాల లోపు ఎన్నింటికి వీలైతే అన్నింటికి జవాబు చెబుతాను. మిగిలినవాళ్లు రేపు కోర్టు అయ్యాక వచ్చి కలవొచ్చు.