ఇసుక ఏ శాఖ కిందికి వస్తుంది?

అందరికీ నమస్కారం.

ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి రోమన్ చట్టాలన్నిటినీ ఒకచోట చేర్పించాడు. అందులో గాలి, పారే నీరు, సముద్రం, సముద్రతీరం అందరి ఉమ్మడి సొత్తు అని రాసి ఉంది. తీరం అంటే ఎక్కడిదాకా అన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబిచ్చారు. చలికాలంలో అన్నిటికన్నా పెద్ద అల ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా తీరమే. ఈ నిర్వచనం నాకు భలే నచ్చుతుంది. గీత గీసే పని అలకే వదిలేశారు. ఈ ఏడు అల పదడుగులు లోపలికి వస్తే తీరమూ పదడుగులు లోపలికి జరుగుతుంది, ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు.

తర్వాతి కాలపు ప్రభుత్వాలు ఆ గీతను అల చేతిలోంచి తీసుకుని మ్యాపు మీద పెట్టాయి. ఫ్రాన్స్ 1986లో తెచ్చిన తీర చట్టం, ఊళ్ళు లేని చోట ఒడ్డు నుంచి 100 మీటర్ల లోపు కట్టడాలు కూడదంది. భారతదేశం 1991లో పోటు గీత నుంచి, అంటే పోటు మీద సముద్రం చేరే గీత నుంచి, 500 మీటర్ల దాకా నియంత్రణ పెట్టింది. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్‌తో, జనం ఎక్కువగా ఉన్న పల్లె తీరాల్లో కట్టడాలు నిషిద్ధమైన మేర 200 మీటర్ల నుంచి 50కి తగ్గింది. మధ్యధరా దేశాలు 2008లో రాసుకున్న ఒప్పందంలో కూడా 100 మీటర్లే ఉంది కానీ, దాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్నారో చూడండి: చలికాలంలో నీరు చేరే అత్యధిక గీత నుంచి. పదిహేను వందల ఏళ్ళు తిరిగి మళ్ళీ జస్టీనియన్ దగ్గరికే వచ్చారన్నమాట.

200 అయినా 50 అయినా బేరసారాల్లో తేలిన అంకెలే. అయినా గీత వద్దని నేననను. అదీ లేకపోతే అలల మీదే గదులు కట్టి అద్దెకిస్తారు. నా గొడవ వేరు. ఒడ్డు ఎక్కడుందో గీత చెబుతుంది. ఆ ఒడ్డు దేనితో తయారైందో, ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు.

ఒక్క ఇసుక రేణువు వెంట నడిచి చూద్దాం. కొండ మీద రాయి అరిగి, వాగులో దొర్లి, ఏటిలో కలిసి, ఒక వరదకు కొంత, మరో వరదకు మరికొంత జరుగుతూ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి చేరింది. అక్కడ ప్రయాణం ఆగలేదు. అల ఒడ్డుకు ఏటవాలుగా వస్తుంది, రేణువును ఏటవాలుగానే పైకి తోస్తుంది. వెనక్కి పోయే నీరు మాత్రం పల్లం చూసుకుని నిటారుగా కిందికి జారుతుంది. అంటే ఒక్కో అలకు రేణువు కాస్త పక్కకు జరిగినట్టే. రోజంతా ఇదే పని. ఇలా రంపపు పళ్ళలా వంకర్లు తిరుగుతూ తీరం వెంబడి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. మనం బీచ్ అని పిలిచేది ఆ రేణువులు ఒకటి రెండు రోజులు మజిలీ వేసిన చోటు, అంతే. వచ్చేవీ పోయేవీ సరిపోయినంత కాలం ఒడ్డు కదలనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ దారిలో మనం ఏం పెట్టామో లెక్క చూడండి. పైన ఆనకట్ట. నైలు నదిపై అస్వాన్ పెద్ద ఆనకట్ట 1970లో పూర్తయ్యాక ఒండ్రు జలాశయంలోనే ఆగిపోయింది. దిగువన రొసెట్టా మొగ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల ఏటా కోసుకుపోయింది. ఆనకట్ట దాటి వచ్చిన ఇసుకను నదిలోనే తవ్వి లారీలకెత్తుతున్నారు. ప్రపంచం ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో అంచనా వేసింది. అదీ దాటి మొగకు చేరినదానికి ఓడరేవు గోడ అడ్డం. గోడకు ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క కోత మొదలవుతుంది. కోత పడ్డచోట అర్జీ పెడతారు, బండరాళ్ళు పోస్తారు. రాళ్ళు అయిపోయిన చోటి నుంచి పక్క ఊరికి కోత మొదలు.

ఇందులో తప్పెవరిదని అడగండి, ఎవరిదీ కాదు. ఆనకట్ట నీటిపారుదల వారిది. ఇసుక గనుల శాఖది. కాలువలో పడవలు రవాణా వారివి. గోడ ఓడరేవుల వారిది. వేట మత్స్యశాఖది. కూలిన ఇల్లు రెవెన్యూ వారిది. రేణువు మాత్రం ఒక్కటే.

జలమార్గాల సంగతికొద్దాం. నదుల విషయంలో దేశాలు కలిసి ముందు శ్రద్ధ పెట్టింది పడవల మీదే. ఐరోపాలోని రైన్ నది రవాణా కోసం 1815 వియన్నా సమావేశంలో ఒక అంతర్జాతీయ కమిషన్ పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. అదే నదిలో కాలుష్యం గురించి ఒడ్డునున్న దేశాలు కలిసి ఒక కమిషన్ వేసుకున్నది 1950లో. రసాయనాల గోదాం కాలి నీళ్ళు ఎర్రబారి, చేపలు గుట్టలుగా చచ్చిన 1986 తర్వాతగానీ దాని పనికి ఊపు రాలేదు. సరుకు నీళ్ళ మీద పోతే లారీ కన్నా ఇంధనం తక్కువ పడుతుంది, నిజమే. భారతదేశం 2016లో ఒకే చట్టంతో 111 జాతీయ జలమార్గాలను ప్రకటించింది. ప్రకటించడం తేలిక. ఏటిని రోడ్డుగా వాడాలంటే లోతు చేయాలి, వంకర్లు సరిచేయాలి, ఏటేటా పూడిక తీయాలి. లోతు చేసిన దారిలో పడవతో పాటు ఉప్పునీరూ పైకెక్కుతుంది.

అమెరికాలో మిసిసిపి నది వంకర్లు చుట్టి పోనక్కర్లేకుండా, న్యూ ఆర్లీన్స్ నుంచి సముద్రానికి అడ్డదారిగా ఒక కాలువ తవ్వాలని 1956లో అనుమతి ఇచ్చారు. దాదాపు 120 కిలోమీటర్లు, చిత్తడి నేలల మధ్యగా. 1960లలో పూర్తి చేశారు. అనుకున్నన్ని ఓడలు రాలేదు. వచ్చినవాటి అలలకు గట్లు విరిగి, కాలువ కొన్నిచోట్ల మొదటి వెడల్పుకు మూడింతలయింది. ఉప్పునీరు చొరబడి మంచినీటి సైప్రస్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఆ అడవి తుపాను అలకు మొదటి అడ్డు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు కాలువ వెంట ఉన్న కరకట్టలు తెగి ఊళ్ళు మునిగాయి. 2009లో కాలువకు అడ్డంగా రాళ్ళు పోసి మూసేశారు. తవ్వే ముందు లాభనష్టాలు లెక్క వేయకపోలేదు. ఓడల టన్నులు వేశారు, కలిసొచ్చే దూరం వేశారు. చెట్టు ఆపే అలకు ఆ పట్టికలో గడి లేదు.

నెదర్లాండ్స్ పేరు చెప్పగానే కొందరికి విసుగు, నాకు తెలుసు. డబ్బున్న దేశం, వాళ్ళకేం అంటారు. కానీ వాళ్ళూ మొదట గోడలనే నమ్మారు. 1953 ఉప్పెనలో 1,836 మంది చనిపోయాక నదీముఖాలు మూసేయడం మొదలుపెట్టారు. తూర్పు షెల్ట్ అనే పాయ దగ్గరికి వచ్చేసరికి ఆల్చిప్పలు పెంచేవాళ్ళు, మత్స్యకారులు, పర్యావరణం పట్టినవాళ్ళు అడ్డం తిరిగారు. మూసే గోడ బదులు 62 తలుపుల అడ్డుకట్ట వచ్చింది, 1986లో తెరిచారు. మామూలు రోజుల్లో ఆటుపోట్లు దానిలోంచే వచ్చిపోతాయి, తుపానుకు తలుపులు దించుతారు. తర్వాత 1990లో ఇంకో నిర్ణయం తీసుకున్నారు. 1990 నాటి సముద్రపు ఒడ్డు గీతను ప్రమాణంగా పెట్టుకుని, ఏటా కొలిచి, తగ్గిన చోట ఇసుక పోయాలని. 2011లో ఒకేచోట 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్లు పోసి, పంచిపెట్టే పని అలలకు అప్పగించారు.

అంత ఇసుక పోసే స్తోమత అన్ని దేశాలకూ లేదు. ఏటా కొలిచే అలవాటుకు మాత్రం పెద్దగా ఖర్చవదు. నేను కోరేదీ ఆ పద్దే. ఆనకట్టకైనా జలమార్గానికైనా రేవుకైనా అనుమతి ఇచ్చే కాగితంలో మూడు మాటలు ఉండాలి: ఇది ఎంత ఇసుక ఆపుతుంది, ఆ లోటు ఎక్కడ తేలుతుంది, అక్కడి నష్టం ఎవరు కడతారు. మూడో మాట రాయాల్సి వస్తే మొదటి రెండూ వాటంతటవే నిజాయితీగా తేలతాయని నా అనుభవం. ఐరోపా 2000లో తెచ్చిన నీటి చట్టం నదీ పరీవాహకాన్నంతా ఒక్క లెక్కగా తీసుకుని, తీరపు నీళ్ళను కూడా అందులోనే కలిపింది. అమలు నత్తనడకే. కానీ దారి అదే.

ఇక చోటు వదిలి జరగాల్సిన మనుషుల మాట. 1995లో నదులు పొంగి నెదర్లాండ్స్‌లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, కరకట్టల ఎత్తు పెంచడం ఒక్కటే చాలదని, నదికీ చోటు వదలాలనుకున్నారు. ఓవర్‌డీప్స్ అనే లోతట్టు నేలలోని పాడి రైతులు తమ పొలాలు ఎలాగూ మునుగుతాయని తెలిసి, తామే ఒక పథకం వేసుకెళ్ళారు. నది వైపు కట్ట దించండి, మాకు ఇళ్ళకూ పశువులకూ మట్టి దిబ్బలు కట్టివ్వండి అని. ప్రభుత్వం ఒప్పుకుంది. అందరూ ఉండలేదు, కొందరు పరిహారం తీసుకుని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళ పొలాలు ఇప్పుడు ఎప్పుడో వచ్చే పెద్ద వరదకు మునుగుతాయి, ఇళ్ళు మునగవు. మొదటి మాట నుంచి ఆఖరి దిబ్బ దాకా సుమారు పదిహేనేళ్ళు పట్టింది. ఆ పదిహేనేళ్ళలో ఎన్ని ప్రభుత్వాలు మారి ఉంటాయో మీరే ఊహించుకోండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.